కచ్చేరిల కోళ్ల కొట్లాట

పోలీస్ యాక్షన్ అయిన ఏడాది మా మెదక్‌ల కోడిపందేల కానూను గట్టిగ జేసిండ్రు. ఆడినోళ్లకే గాదు, చూసినోళ్లకు గూడ జైలే. మా ఆయన దొరికిండు. సాక్ష్యమని రెండు పుంజులను కచ్చేరికి తెచ్చి గంపల కింద మూసిండ్రు.

మా పుంజు ఆకలిగుంటదని జొన్నలు పట్టుకపోయిన. ఏ గంప కింద ఉందో తెల్వక రెండూ ఎత్తిన. ఇంకేముంది, రెండు కోళ్లు తన్నుకున్నయి. వకీళ్లు, జవాన్లు గుమిగూడిండ్రు. మేజిస్ట్రేట్ సాబ్ కుర్చీ ఎక్కి చూడబట్టిండు.

బోనుల నిలబడ్డ మా ఆయన, "హుజూర్, చూసినోళ్లకు గూడ జైలే గదా?" అన్నడు.

"అందరు కండ్లు మూసుకోండ్రి!" అని సాబ్ ఒర్లిండు. అందరు మూసుకున్నరు, నేను తప్ప. ఆఖరికి కేసు కొట్టేసిండు.

ఏది గెలిచిందని మా ఆయన పోయేదాకా అడిగిండు. మనదే అని చెప్పిన. ఓడిందని ఇయ్యాల మీకే చెప్తున్న.