పచ్చబడిందంటే ఏ పచ్చ?

మొన్న మా హిందూపురం ఇంట్లో మనీప్లాంటు ఆకులు నాలుగు పసుపెక్కితే కోడలు ఫోటో తీసి ఫోనునే అడిగింది. ఎరువు చాల్లేదని ఫోను చెప్పడం, మర్నాటికి మందుసీసా గుమ్మంలోకి రావడం జరిగిపోయాయి. కుండీలో వేలు పెట్టి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. నేను పెట్టాను. బురద! రెండుపూటలా నీళ్ళు పోసి వేళ్ళు కుళ్ళబెడుతూ, పైన ఎరువు మందు కూడానా అని నాకు ఒళ్ళు మండింది.

నా చదువు అయిదో తరగతి. మిగతాదంతా పెనుకొండ నర్సరీలో పనిచేస్తూ, ఆకుల్ని వెనక్కు తిప్పి చూసి, పొట్లాలు కట్టి వచ్చిన వ్యవసాయ పత్రికల కాగితాలు విప్పి చదివి నేర్చుకున్నదే.

తొంభైల దశకంలో, మా బావ పోయిన ఏడాది, ధర్మవరం నుంచి అక్క ఒక కబురు పంపింది, బావ నాటిన మనీప్లాంటు పచ్చబడుతోందని. మన భాష తమాషా చూడండి, చేనుకూ పచ్చే, కామెర్లకూ పచ్చే. నేను చేను పచ్చ అనుకుని, అక్క ఇల్లు తేరుకుంటోందని సంబరపడి, నెల్లాళ్ళు పెనుకొండలోనే కూర్చున్నాను. తీరా వెళితే అది కామెర్ల పచ్చ.

“ఏమబ్బా, ఇంత నిదానమా? మొక్క పోయినాక దినాలకు వద్దామనుకుంటివా?” అని దులిపేసింది అక్క. నేను ఏ పచ్చ అనుకున్నానో చెప్పుకుంటే నవ్వలేదు కూడా. మనీప్లాంటు వాడిపోయిన ఇంట్లో మగ్గం నిలవదని వీధిలో అమ్మలక్కలు నూరిపోశారు. నేస్తున్న చీర పూర్తయి కోసేయగానే బావ మగ్గం విప్పించేయాలని అక్క తీర్మానించుకుని ఉంది. ఆ మగ్గమే ఆమెకు అన్నం. పైగా పెద్ద చదువు చదివిన ఒకాయన గుమ్మంలో నిలబడే యూరియా వేయమన్నాడట. వేస్తే అంచులు మాడాయి. ఆకు తిప్పి చూడని చదువెందుకో నాకిప్పటికీ అర్థం కాదు. ఎరువు చాలకపోతే ముదురాకు ముందు పాలిపోతుంది. ఇక్కడ ముదురాకులకు రంగు తగ్గలేదు. లేతాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. మట్టి మీద తెల్లటి పొర.

“నీళ్ళు యాడివి పోస్తాండావక్కా?”

“కొళాయి నీళ్ళు తాగేదానికే చాలవు. పట్టు ఉడకబెట్టిన నీళ్ళు చల్లార్చి పోస్తాండా. పట్టు జిగురంతా దాంట్లోనే ఉండాది గదా, గంజి మాదిరి సత్తువ!”

సత్తువ కాదు, పట్టు జిగురు పోవడానికి ఆ నీళ్ళలో వేసే సబ్బూ సోడా. సోడా తాగిన మట్టిలో ఇనుమున్నా వేరు దాన్ని అందుకోలేదు. పైపొర గీకి, మట్టి మార్చి, మాగిన పేడ ఎరువు కలిపి, ఇక వాననీళ్ళు పట్టి పోయమన్నాను. పసుపెక్కిన ఆకును చూసి ఏడవొద్దనీ, రాబోయే ఆకు కోసం చూడమనీ, అంతదాకా మగ్గం విప్పొద్దనీ ఒట్టు వేయించుకున్నాను.

వానలు పడ్డాక, బస్సు దిగిన ధర్మవరం మనిషొకడు అక్క మాటను ఆమె గొంతుతోనే అప్పజెప్పాడు: “పచ్చబడింది. ఈతూరి చేను పచ్చే, ఉరుక్కుంటా రావద్దులే!”

ఉరుక్కుంటూనే వెళ్ళాను. వీధి మొగలోనే మగ్గం చప్పుడు వినబడింది.

మా ఇంట్లో ఉన్నది ఆ తీగ ముక్కే. మందుసీసా పక్కన పెట్టించి, కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, మట్టి మార్చి, కుండీని వెలుతురులోకి జరిపాను. ఇవాళ కొత్తాకు విచ్చుకుంది. ఫోనుకు ఏ పచ్చ ఏదో బాగా తెలుసట, ఎన్నడూ పొరబడదట. పచ్చబడిందని ధర్మవరానికి కబురు పెడదామంటే, పొరబడి నవ్వుకోవడానికి అక్కడ ఇప్పుడు అక్క లేదు.