అత్త అడిగి పెట్టించిన దీపం

మా పక్కింటి అత్త మొన్నటి వానల్లో పోయింది. తెల్లారి మావ మా గుమ్మంలోకి వచ్చి, "మీ అత్త లెగట్నేదే" అన్నాడు. ఆవిడది మొద్దు నిద్రని వీధికంతా తెలుసు కాబట్టి మొదట నమ్మలేదు. వెళ్ళి ముట్టుకున్నాక నమ్మాను.

చిన్నప్పుడే జ్వరం వచ్చి అత్తకు చెవులు పోయాయి. పెదాలు చూసి మాట పట్టేసేది. వీధికి ఆ చివర ఎవరైనా గుసగుసలాడితే ఈ చివర అరుగు మీద కూర్చుని నవ్వుకునేది. తన వెనక గొణిగినవాటికి కూడా ఒక్కోసారి జవాబు చెప్పేది, అదెలాగో నాకు ఇప్పటికీ తెలియదు. సముద్రం పోటు మీద ఉంటే గోడకు అరచెయ్యి ఆనించి, "సంద్రం గోడలోకొచ్చీసినాదే, సూడు" అనేది. నేనూ చెయ్యి పెట్టి చూసేదాన్ని. చేతికి సున్నం అంటుకునేది, అంతే.

నేను రాజాంలో చదువుకునే రోజుల్లో పెద్ద తుఫాను వచ్చింది. మధ్యాహ్నం మైకు ఆటో తిరిగి, ఊరు ఖాళీ చెయ్యమంది. పడవలు కట్టడానికి వెళ్ళిన మావ, అత్త ఆడవాళ్ళ వ్యానులో వెళ్ళిపోయిందనుకున్నాడు. ఆవిడేమో ఇంట్లో నిద్రపోతోంది. లేచి బయటికొచ్చేసరికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఒకరింట్లో పొయ్యి మీద అన్నం ఇంకా ఉడుకుతోంది. మనిషన్నవాడు లేడు. ఇల్లిల్లూ దూరి చూసిందట.

"సచ్చిపోనాననుకున్నానే," అని నాకు చెప్పింది. "సచ్చినోలకి మనుసులు అగుపడరు గావాల అనుకున్నాను. అద్దంలో సూసుకున్నాను, నేనున్నానో నేదో అని."

సాయంత్రానికి మావ గాలిలో పరుగెత్తుకొచ్చి తీసుకెళ్ళాడు.

నా చదువైపోయి ఊరికొచ్చాక, అర్జీలు తీసుకునే ప్రతి సోమవారం కలెక్టరాఫీసుకు ప్రయాణమే. తోడు నేను. తుఫాను షెల్టరు మీద తిరిగే ఎర్ర దీపం పెట్టాలని, హెచ్చరిక తనలాంటివాళ్ళకూ అందాలని ఆవిడ కోరిక. "ఇంట్లోవాళ్ళు చెప్పాలి కదమ్మా, అది వాళ్ళ బాధ్యత" అన్నాడొక ఆఫీసరు. నాకు ఒళ్ళు మండింది. అత్తకు మండలేదు.

"ఇంట్లోవోలు మరిసిపోతారు బాబూ, మనుసులు గదా. మరిసిపోకుండా ఉండడానికే గదా గవర్నమెంటు," అంది, ఆయన పెదాలనే చూస్తూ. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

చివరికి దీపం వచ్చింది. బిగించిన రోజు ఒకసారి వెలిగించి ఆపేశారు. మళ్ళీ అవసరం పడలేదు. ఒక్క మనిషి కోసం ఇంత దీపమా అని వీధిలో వేళాకోళం. నిజంగా ఆ వెలుగు తన దాకా వస్తుందా అని ఆవిడ బెంగ. మంచం కిటికీకి ఎదురుగా జరిపించుకుంది.

పోయిన రోజు అత్తను ఆ మంచం మీదే పడుకోబెట్టాం. డప్పులు, ఏడుపులు, రేకుల మీద వాన. మళ్ళీ తుఫానని చెబుతూ మైకు ఆటో మా వీధిలోంచే వెళ్ళిందట. చెవులున్న మాలో ఒక్కరికీ వినబడలేదు.

మధ్యాహ్నమే చీకటి పడ్డట్టుంది. కిటికీలోంచి ఎర్రటి వెలుగు వచ్చి, అత్త ముఖం తడిమి, గోడ మీదుగా పోయింది. మళ్ళీ వచ్చింది. డప్పు ఆగింది. ఏడుపులూ ఆగాయి. అందరం ఆవిడ ముఖం కేసి చూస్తుండిపోయాం.

"ఈ పాలి దీన్ని ఒగ్గీసి ఎల్లను" అన్నాడు మావ.

మంచం ఎత్తుకుని షెల్టరుకని వానలోకి దిగాం. వెలుగు పడినప్పుడల్లా అత్త కళ్ళు తెరిచినట్టే ఉంది. మా వెనక తలుపులన్నీ తెరిచే ఉన్నాయి.