ఎర్ర నాచు పచ్చబడిన పూట

మా ఇల్లు భద్రాచలం రోడ్డు మీద, ఊరు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట ఉంది. ఆయన పోయాక ముందు గది కిరాయికిచ్చాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అందులో జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పే అమ్మాయి దిగింది. సముద్రం పక్క ఊరిది. పొద్దుగూకితే అన్నం నాతోనే తినేది. ఒక్కదాన్నే తినే అలవాటు నాకు తప్పిపోయింది. ఎక్కడ ఖాళీ చేసి పోతుందోనని ఒకటే గుబులు.

ఓసారి సొంతూరి నుంచి వస్తూ నా చేతిలో ఓ కాగితం పొట్లం పెట్టింది. "ఇసకుంది పిన్నిగారూ, కాస్త కడిగి పెట్టండి" అని స్నానానికి వెళ్లింది. విప్పితే ఎర్రగా, ఎండిపోయి, ఉప్పు వాసన. మా దగ్గర ఊరెళ్లొచ్చినవాళ్లు వట్టి చేతులతో రారు. ఇదేదో సముద్రం కూర కాబోలు అనుకున్నాను. సంతలో కొన్న ఉప్పుచేపను వేసినట్టే మరిగే నీళ్లలో వేశాను. చూస్తుండగానే నీళ్లు గులాబీరంగుకు తిరిగాయి. ఆకేమో పచ్చబడింది.

ఆమె తల తుడుచుకుంటూ వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది.

"అయ్యో! రేపు పిల్లలకి చూపించాల్సిన నాచండీ అది!"

గబుక్కున పొయ్యి ఆర్పాను. "పప్పుల ఎయ్యనీకి తెచ్చినవనుకున్న బిడ్డా. ఇగ గది ఖాళీ చేస్తవా ఏంది?"

"నాచు ఉడకబెట్టారని ఇల్లు ఖాళీ చేసేవాళ్లుంటారా?" అని పడీపడీ నవ్వింది.

ఆ తర్వాత ఓ రేకను నా వేలి మీద పరిచి కిటికీ వైపు పట్టింది. వేలి గీతలు అందులోంచి కనిపించాయి. వెలుగు ఒంటినిండా పారడానికే అంత పల్చన అట.

"పచ్చగుంటె సాలదా? మల్ల ఎరుపెందుకు?"

"లోతుకి ఎండంతా దిగదు పిన్నిగారూ. అందులో ఎర్ర వెలుగు పైపైనే ఆగిపోద్ది. నీలం, పచ్చ కాస్త కిందికొస్తాయి. వాటిని ఆ ఎరుపు పట్టుకుని లోపలి పచ్చదనానికి అందిస్తుంది."

"అంటే, అందిన కొంచెం వెలుగుతోనే గంజి కాసుకుంటదన్నట్టు."

"అంతే! ఎరుపు నీళ్లలోకి దిగి లోపలి పచ్చదనం బయటపడిందిగా, రేపు మీ గిన్నె కూడా కాలేజీకి తీసుకెళ్తా."

నిజంగానే తీసుకెళ్లింది.

ఎండాకాలం సెలవులకు ముందు ఆమెకు సొంతూరి దగ్గరే ఉద్యోగం దొరికింది. బస్సెక్కుతూ "నాచు వల్ల కాదండోయ్" అంది. నవ్వాను గానీ, బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి దించలేదు.

తర్వాత దిగిన మొగుడూపెళ్లాలకు ఓ సాయంత్రం నీళ్ల అడుగున బతికే ఎర్ర ఆకు సంగతి మొదలుపెట్టాను. "అవునా ఆంటీ" అని, సీరియల్ వేళయిందని లోపలికి పోయారు. మిగతాది ఎవరికీ చెప్పలేక, వంటింట్లోకి వచ్చి ఒక్క కంచం కడుక్కున్నాను.