గురువారం కీ

ఎనిమిది రోజుల గడియారానికి వారంలో రెండుసార్లు కీ ఇచ్చే మగవాడిని ఏమనాలో మీరే చెప్పండి. ముప్పై ఏళ్లుగా నేను గడియారాల మెకానిక్కు పెళ్లాన్ని. ఒకసారి నిండా కీ ఇస్తే ఎనిమిది రోజులు నడుస్తుందని, అందుకే ఆదివారం ఆదివారం ఇస్తే చాలని నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కుడివైపు రంధ్రం నడకకి, ఎడమవైపుది గంటలు కొట్టడానికి. "కడుపు నిండినదానికి మళ్లీ ముద్ద పెట్టకూడదే" అని ఆయనే అనేవారు. అలాంటి మనిషి టైపు టీచరమ్మ ఇంటి గడియారానికి మాత్రం ఆదివారమూ కీ, గురువారమూ కీ!

ఆవిడది పక్క వీధిలో మేడ. ముందు హాల్లో టైపు నేర్పుతుంది. ఒంటరి మనిషి. ఆ హాల్లో గోడ గడియారం పెట్టింది మా ఆయనే, ఆ రోజు నేనూ వెళ్లాను. మేకు కొట్టి, గడియారం తగిలించి, లోలకాన్ని వేలితో ఒక్క తోపు తోసి కళ్లు మూసుకున్నారు. టిక్కుకీ టక్కుకీ మధ్య ఎడం సమానంగా ఉండాలట. నడక కుంటితే గడియారం కింది అంచుని వెంట్రుకంత అటో ఇటో జరపాలట. సరిపోయాక గోడ మీద పెన్సిల్‌తో గీత గీశారు.

"దుమ్ము దులిపేటప్పుడు ఈ గీత దాటనివ్వకండి. ముల్లు ఎప్పుడూ వెనక్కి తిప్పకండి. ముందుకి తిప్పినా ప్రతి గంట దగ్గరా ఆగి పూర్తిగా కొట్టనివ్వండి" అని అప్పగింతలు పెట్టారు.

"మీ చెవి గొప్పదండీ" అంది ఆవిడ. అప్పుడేమీ అనిపించలేదు. తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు మండేది.

ఆ మరుసటేడు వానాకాలం నుంచి మనిషి మారిపోయారు. వెనక నుంచి పిలిస్తే పలకరు. ఎదురుగా నిలబడి మాట్లాడితే నా మొహంలోకి గుచ్చిగుచ్చి చూస్తారు. పాతికేళ్లుగా చూడని మొహం ఇప్పుడెందుకు చూస్తున్నట్టు? తప్పు చేసినవాడే, పెళ్లానికి ఎంత తెలిసిపోయిందోనని వెతుక్కుంటాడు. ఇక ఏమడిగినా "సరే". కూరలో ఉప్పు తక్కువైందా అంటే "సరే". మీకసలు బుద్ధుందా అంటే "సరేనే, చూద్దాం". గడియారం తగిలించి పెట్టమని వేరే ఇళ్లవాళ్లు పిలిస్తే నడుంనొప్పి అంటారు. టీచరమ్మ మేడమెట్లు ఎక్కడానికి మాత్రం ఆ నొప్పి ఏ గంగలో కలిసిందో!

ఒక బుధవారం చొక్కా ఉతకబోతూ జేబు తడిమితే మడత పెట్టిన కాగితం ముక్క దొరికింది. టైపు కొట్టి ఉంది.

"ఇంకొంచెం ఎడమకి. ఆ, అంతే. ఇప్పుడు హాయిగా ఉంది."

నాలుగుసార్లు చదివాను. ఎటు తిప్పి చదివినా ఒకటే అర్థం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని తెలిసీ ఆగలేక ఆడపడుచుకి చెప్పుకుని ఏడ్చాను. ఆవిడ ఎవరికి చెప్పిందో, నేను పాలావిడ దగ్గర ఎంత వాగానో గానీ, సాయంత్రానికల్లా వీధి వీధంతా నన్ను చూసి జాలిపడింది.

మర్నాడు గురువారం. ఆయన భుజాన సంచి తగిలించుకుని బయల్దేరారు. పది నిమిషాలాగి, ఆ కాగితం గుప్పిట్లో పెట్టుకుని నేనూ వెళ్లాను. తలుపు ఓరగా ఉంది. ఇద్దరినీ అక్కడికక్కడే కడిగేద్దామని తోశాను.

హాల్లో పిల్లలెవరూ లేరు. గోడకి రెండో మేకు ఉంది, దానికి ఎవరిదో రిపేరుకొచ్చిన గడియారం వేలాడుతోంది. ఆయన నాకు వీపు పెట్టి, దాని కింది అంచు పట్టుకుని నిలబడ్డారు. గదికి అవతలి మూల టీచరమ్మ మిషన్ ముందు కూర్చుని, తల వాల్చి ఆ చప్పుడే వింటోంది.

"ఏమండీ!" అని అరిచాను. కిటికీ మీది పావురం లేచిపోయింది. ఆయన కదల్లేదు.

"ఏమండోయ్!"

కదల్లేదు.

టీచరమ్మ లేచి నా దగ్గరికొచ్చింది. "కుడి చెవి పూర్తిగా పోయిందమ్మా. ఎడమది సగమే. గడియారం నడక ఆయనకి వినపడదు. నలభైమంది టైపు కొడుతుంటే తడబడిందెవరో పట్టుకునే చెవి కదా నాది, నన్ను వినిపెట్టమన్నారు. పిల్లలు లేని వేళ చూసి, గురువారం కీ వంకతో వస్తున్నారు. గట్టిగా చెబితే కింద దుకాణం వాళ్లకి తెలిసిపోతుందని టైపు కొట్టి చూపిస్తున్నా."

ఈలోగా ఆయన వెనక్కి తిరిగారు. నన్ను చూశారు, నా గుప్పిట్లో కాగితం చూశారు. చొక్కా అంచుతో చేతులు తుడుచుకున్నారు.

"నాకెందుకు చెప్పలేదండీ?"

నా పెదాలు చూసి అర్థం చేసుకున్నారు. "చెవిటి మెకానిక్కుకి గడియారం ఎవరిస్తారే? నాకు వేరే పని రాదు. నీకు చెబుదామనే అనుకున్నా. కానీ నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా."

ఆయనన్నది నిజం. అప్పటికే నేను వీధంతా టముకు వేసొచ్చాను. నన్ను క్షమించమని టీచరమ్మ చేతులు పట్టుకుని ఏడ్చాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు గానీ, జరిగింది జరిగినట్టు చెబితే ఆయన బతుకుతెరువే పోతుంది.

ఇంటికొచ్చేసరికి ఆడపడుచు గుమ్మంలోనే కాచుక్కూర్చుంది. "ఏం చూశావు వదినా?"

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఏమీ లేదు, నాదే పాడు బుద్ధి. టీచరమ్మ బంగారం లాంటి మనిషి. ఆవిణ్ని ఎవరైనా ఒక్క మాటంటే నేనూరుకోను. అయినా సరే, ఇకమీదట మీ అన్నయ్యని ఒక్కణ్నీ ఏ ఇంటికీ పంపను. నేనూ వెంట వెళ్తా."

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని నవ్వి, వీధిలో ఆ ముక్కే చెప్పింది. నాకు కావలసిందీ అదే.

ఆ తర్వాత ఎవరు పిలిచినా వెళ్లాం. ఆయన గడియారం తగిలిస్తారు, నేను కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంటాను. నడక కుంటితే ఒళ్లో ఎడమ వేలో కుడి వేలో కదుపుతాను. సరిపోతే దగ్గుతున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. ఇంత వయసొచ్చినా మొగుడి మీద అనుమానం చావలేదు చూశారా అని ఇళ్లవాళ్లు మూతులు తిప్పుకునేవారు. తిప్పుకోనిచ్చాను.

కిందటి నెల ఆయన పని మానేసి, పనిముట్ల సంచి మేకుకి తగిలించేశారు, అందుకే ఇప్పుడు చెబుతున్నా. నాలుగేళ్లు నా నోట్లో నువ్వుగింజ నానింది. ఆ ముక్కే ఆయన ఎడమ చెవి దగ్గర గట్టిగా అరిచి చెప్పాను.

"సరే" అన్నారు.