యాదగిరి మామ నొక్కని ఫోటో

మా చిన్నతనంలో యాదగిరి మామ మెడలో కెమెరా వేసుకుని వచ్చాడంటే, ఆ పూట మా ఇంట్లో ఎవరి పనీ ముందుకు సాగేది కాదు...

మామ అంటే మా అమ్మ తమ్ముడు. మేడ్చల్‌లో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాడు. మాది శామీర్‌పేట పక్కన చిన్న ఊరు. మనిషి బంగారమే, కానీ చేతికి కెమెరా వస్తే మాత్రం మన ప్రాణం తీసేవాడు. ఒకసారి మా కోడిపెట్టను ఫోటో తీస్తానని అరపూట పెరట్లో గొంతుకూర్చుని, తీరా నొక్కకుండానే లేచాడు. ఎండ బాగా లేదట...

ఆ రోజు ఫోటో కావాలని అడిగింది మా అవ్వ, నాయిన వాళ్ళ అమ్మ. ఆమెకు ఇద్దరు కొడుకులు, పెద్దనాయిన, మా నాయిన. ఇద్దరి పొలాలకూ కలిపి ఒకటే బావి, ఒకటే మోటరు. నీళ్ళు పెట్టుకునే వంతు దగ్గర ఒక ఎండాకాలం మాటా మాటా పెరిగింది. ఆ ఏడు పెద్దనాయిన వరి ఎండిపోయింది. అంతే... రెండేళ్ళు అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే పిల్లల్ని పంపేవారు. ఎదురుపడితే ఒకరు పక్కదారి పట్టేవారు.

అవ్వ బతిమాలింది. ఏడ్చింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఏదీ పనిచేయలేదు. చివరికి ఇద్దరికీ కబురు పెట్టింది.

"మీ ఇద్దరి నడుమ కూసోని ఒక్క ఫోటో దిగుత. మాట్లాడుకోకున్నా మంచిదే... నా పక్కపొంటి నిలవడుండ్రి."

అది మాత్రం కాదనలేకపోయారు.

ఇంట్లో చీకటి, మామ దగ్గర ఫ్లాష్ లేదు. అందుకని సాయంత్రం బావి దగ్గర కుర్చీ వేశారు. అవ్వ పెట్టెలో దాచుకున్న ఎర్ర అంచు చీర కట్టుకుంది. నన్ను తన కాళ్ళ ముందు కూర్చోబెట్టుకుంది. కుడివైపు పెద్దనాయిన, ఎడమవైపు నాయిన. ఒకరు తూర్పుకూ, ఒకరు పడమరకూ చూస్తూ...

మామ కెమెరా కంటికి ఆనించాడు. దించాడు. ఆకాశం వైపు చూశాడు.

"పెద్దబావా, ఎండ కండ్లల్ల పడుతాంది. జర దిగనియ్యాలె."

సరే, ఎండ దిగింది. అంతలో ఒక మబ్బు అడ్డం వచ్చింది. మబ్బు పోవాలన్నాడు. మబ్బు పోయేసరికి గాలి లేచింది. అవ్వ కొంగు ఎగురుతోంది, గాలి తగ్గాలన్నాడు. రీలులో ఒక్కటే మిగిలిందట, అది ఖరాబైతే ఇంకోటి లేదట...

నా కొత్త గౌను మెడ దగ్గర గీరుకుంటోంది. కాళ్ళ మీద చీమలు పాకుతున్నాయి. గోక్కుంటే "కదలకు బిడ్డా" అంటాడు. కోపంతో నాకు ఏడుపొచ్చింది. పైన నాయిన ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదికి మారుతున్నాడు. మళ్ళీ ఇంకో మబ్బు వచ్చింది.

"ఏందిరా యాదగిరి, తీస్తవా తియ్యవా?" అన్నాడు పెద్దనాయిన.

"అయిపాయె బావా. గా మబ్బు జరుగంగనే."

"ఇందాకటి సంది గదే మాట" అని గొణిగాడు నాయిన.

పెద్దనాయిన అవ్వ తల మీదుగా ఇటు తిరిగాడు. "నీ బామ్మర్దే గద. నువ్వన్న జెప్పరాదు?"

నాయిన కూడా తిరిగాడు. "నా మాట ఇంటడా వాడు? చెల్లె లగ్గంల గిట్లనే నిలవెట్టిండు. యాది లేదా?"

"ఎందుకు లేదు... పప్పు సల్లగయ్యేదాంక నిలవెట్టె."

నా భుజం మీద ఉన్న అవ్వ చెయ్యి బిగుసుకుంది. నేను తల తిప్పబోతే తిప్పనివ్వలేదు. తాము మాట్లాడుకున్నామని వాళ్ళిద్దరికీ అప్పుడే తెలిసినట్టుంది. తరువాత నాయినే అడిగాడు.

"వరి ఎట్లుందన్నా ఈపాలి?"

"నీళ్ళు సాల్తలెవ్వు."

"రేపు నా వంతు నువ్వు పెట్టుకో. నాకు ఎల్లుండైనా నడుస్తది."

అప్పుడు 'టిక్' మంది కెమెరా. మబ్బు పోయిందట...

పది రోజుల తరువాత మేడ్చల్ నుంచి ఫోటో తెచ్చాడు మామ. అన్నదమ్ములిద్దరూ కెమెరా వైపు చూడటం లేదు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. నేను ముఖం గంటు పెట్టుకుని ఉన్నాను. అవ్వ కళ్ళు మూసుకుని ఉంది. "ఒక్కటే ఉండె, గదీ ఖరాబ్ జేసుకున్న" అని మామ తెగ బాధపడ్డాడు. అవ్వ మాత్రం ఆ ఫోటోను ఎవరి చేతికీ ఇవ్వలేదు. కొంగుతో తుడిచి తుడిచి చూసుకుంది.

ఆ తరువాత మోటరు దగ్గర అన్నదమ్ములు గొడవపడలేదని కాదు. పడ్డారు, చాలాసార్లు. కానీ మాటలు మాత్రం మళ్ళీ మానలేదు. అవ్వ ఇంకో మూడేళ్ళు బతికింది. ఆ మూడేళ్ళూ ఇద్దరిళ్ళల్లోనూ తింది.

ఇప్పుడా పొలాలు వెంచర్లయ్యాయి. మొన్న కౌకూర్‌లో మా తమ్ముడి గృహప్రవేశానికి అందరం కలిశాం. గ్రూప్ ఫోటో అన్నారు. నా పక్కన పెద్దనాయిన కూతురు వచ్చి నిలబడింది. ఏదో చిన్న మాట పట్టింపుతో మేమిద్దరం మాట్లాడుకుని నాలుగేళ్ళయింది. ఎలా ఉన్నావని అడుగుదామని గొంతు సవరించుకున్నాను...

అంతలో ఫోన్ దించేశారు. "ఇంకొంచెం సేపు నిలబడండి" అన్నాను.

"అయిపోయినయి అక్కా, ఇరవై వచ్చినయి" అన్నాడు తమ్ముడు. ఆమె అప్పటికే భోజనాల వైపు వెళ్ళిపోయింది.

అంత తొందరేమిటో మనకు... మీ ఇళ్ళల్లోనూ ఇలా నిలబెట్టి నిలబెట్టి విసిగించిన మామలో బాబాయిలో ఉండే ఉంటారు. వాళ్ళను ఎంత తిట్టుకున్నారో రాయండి, చదవాలనుంది.