గూబను పట్టుకొచ్చే మేడం

మేడం పోయారన్న కబురు ఆమె పక్షుల్ని ఉంచే షెడ్డుకు కావలి కాసే అతను ఫోన్ చేసి చెప్పాడు. "నిన్న గుండె నొప్పి వచ్చిందట టీచరమ్మా. నీకు చెప్పనీకి ఆ ఇంట్ల ఎవ్వరు లేకపాయె," అన్నాడు. నిజమే. ఖానాపురం హవేలి ఊళ్లోని ఇంట్లో ఆమె ఒక్కరే ఉండేవారు.

సైన్సు టీచరుగా రిటైరయ్యాక, అటవీశాఖ అనుమతితో, రెక్క విరిగి ఎగరలేని గద్దనీ గుడ్లగూబనీ అడవి పల్లెల బడులకు తీసుకొచ్చేవారు. నేను కోయ ఇంటిదాన్ని, టీచర్ని. ఆమె తెలుగులో చెప్పింది పిల్లలకు కోయలో చెప్పడానికి వెంట వెళ్లేదాన్ని. పిట్టకు తినిపించాకే ఆమె తన టిఫిన్ డబ్బా తెరిచేవారు. ఎవరైనా సెల్ఫీ అడిగితే "దానికి నిద్రొస్తున్నది బిడ్డా" అని గుడ్డ కప్పేసేవారు.

ఒకసారి పర్ణశాల దాటాక ఒక ఊరి మొదట్లో ముసలమ్మ ఒకామె జీపుకు అడ్డం నిలబడింది.

"గూబను ఊళ్లెకు తేవద్దు. నా మనుమరాలికి జరం. అది అరిస్తే పిల్ల దక్కది."

మా వెంట ఉన్న హెడ్మాస్టరు విసుక్కున్నాడు. "గిసొంటి నమ్మకాలు పోగొట్టనీకే కదా మేడం మనం వచ్చింది. జీపు పోనీయండి."

మేడం గూబ ఉన్న పెట్టె పట్టుకుని దిగారు. "ఇది నాకాడ ఉంటది. మీరు ముందు పిల్లను దవాఖానకు తీస్కపోండి, జల్దీ."

పిల్లనూ తల్లినీ ఎక్కించుకుని నేను భద్రాచలం వెళ్లాను. హెడ్మాస్టరు బడికి నడిచాడు. మేడం ఊరి బయట, దారి పక్కన కూర్చుండిపోయారు.

తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. సూది వేయించుకున్న పిల్ల తల్లి ఒళ్లో నిద్రపోతోంది. మేడం అక్కడే ఉన్నారు. కాస్త ఎడంగా ముసలమ్మ, ఆమె పక్కన నీళ్ల చెంబు.

"ఏం తింటదని అడిగిన. ఎలుకలనట," అంది ముసలమ్మ నాతో. "అయినా నాకు భయమే."

మేడం నవ్వలేదు. "ఉండనీ అవ్వా. ఎందుకు భయమో మళ్లొచ్చినప్పుడు పిల్లలకు నువ్వే చెప్పు."

మళ్లీ వెళ్లినప్పుడు చెప్పింది. గూబ అరుపు గురించి తమ పెద్దలు అనుకునేవన్నీ ముసలమ్మ కోయలో చెప్పాక, మేడం ఎలుకల సంగతి ఎత్తుకున్నారు. కొత్తవాళ్ల ముందు నోరు విప్పని పిల్లలు ఆ రోజు ఇద్దరినీ ప్రశ్నలతో ఊపిరి తిప్పుకోనివ్వలేదు. ఆ తర్వాత ఏ ఊరెళ్లినా అదే పద్ధతి. "ముందు వాళ్లది విందాం. మనది తర్వాత," అనేవారు.

మొదటిసారి ఆ దారి పక్కన అంతసేపు ఒంటరిగా ఎలా కూర్చున్నారని అడిగాను. "ఇంట్ల కూసున్నదానికన్నా నయమే," అన్నారు.

ఆమె వస్తానని ఒప్పుకున్న బడి ఒకటి మిగిలిపోయింది. మొన్న గూబను తీసుకుని నేనే వెళ్లాను. మొదటి నుంచీ కోయలోనే చెప్పాను. మేడం తర్వాతి మాట కోసం మధ్యలో ఆగాల్సిన పనేం లేదు. అయినా ప్రతి మాట తర్వాతా ఆగాను. పిల్లలు ఓపిగ్గా చూశారు.

వస్తుంటే జీపులో పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను. అడవి దారి మలుపు తిరిగినప్పుడల్లా, లోపల గూబ కాళ్లు సర్దుకుని నిలదొక్కుకోవడం నా మోకాళ్లకు తెలుస్తూనే ఉంది.