గ్లవ్స్ తీసేసి ఆడిన గంట

నా చిన్నప్పుడు టెక్సాస్‌లోని ప్లేనోలో మా వీధి మొత్తానికి క్రికెట్ తెలిసినవాళ్ళం ఇద్దరమే: మా బాబాయి, నేను. ఇంజినీరు ఉద్యోగానికి వచ్చిన ఆయన మా ఇంట్లోనే ఉండేవాడు. సాయంత్రాలు ఇంటి వెనక గడ్డిలో నాకు బంతి విసిరేవాడు. అందుకే తొమ్మిదేళ్ళప్పుడు ఊళ్ళో పిల్లల బేస్‌బాల్ టీమ్‌లో చేరితే, నాకు అన్నీ వచ్చనే అనుకున్నాను. అసలు నా అంత ఆటగత్తె టెక్సాస్‌లోనే లేదనుకున్నాను.

మొదటి ఆటలో బంతిని బాగానే కొట్టాను. కొట్టాక బ్యాట్ పడేసి పరుగెత్తాలని మాత్రం నాకు తట్టలేదు. క్రికెట్‌లోలాగే బ్యాట్ పట్టుకుని పరుగెత్తాను. కాలు పెట్టాల్సిన బేస్ మీద, కాస్త దూరం నుంచే బ్యాట్ చాచి ఆనించి, గెలిచినట్టు నిలబడ్డాను. ఈలోగా బంతి వచ్చింది, అవుటయ్యాను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మా టీమ్‌లోని పొడుగు కుర్రాడి నవ్వయితే ఎంతకీ ఆగలేదు.

ఇంటికి వచ్చి టీమ్‌ మానేస్తానని ఏడ్చాను. బాబాయి బతిమాలలేదు. మర్నాడు లైబ్రరీకి తీసుకెళ్ళి, బేస్‌బాల్ తొలిరోజుల పుస్తకమొకటి నా ముందు పెట్టాడు. ఆ రోజుల్లో పెద్ద పెద్ద మీసాల ఆటగాళ్ళు బంతిని వట్టి చేతులతోనే పట్టేవారట. గ్లవ్ వేసుకున్నవాణ్ణి పిరికివాడని వెక్కిరించేవారట. ఆ వెక్కిరింపులకి భయపడి ఒకాయన ఎవరికీ కనబడకుండా చర్మం రంగు గ్లవ్ వేసుకున్నాడని చదివి, నా ఏడుపు మరిచిపోయి ఆయన మీద జాలిపడ్డాను.

బాబాయి అంతటితో ఊరుకోలేదు. మా కోచ్‌కి పాత ఆటల పిచ్చి ఉందని ఆయనకి తెలుసు. ఇద్దరూ మాట్లాడుకుని, ఆ వారం ప్రాక్టీస్‌లో ఒక గంట పాతకాలం పద్ధతిలో ఆడించారు. మెత్తటి బంతి, గ్లవ్స్ లేవు. బంతి వస్తుంటే పిల్లలంతా మొహాలు తిప్పుకున్నారు. నాకది రోజూ గడ్డిలో ఆడే ఆటే. వరసగా నాలుగు పట్టాను. అరచేతులు మండుతున్నా గర్వంతో నేల మీద నిలవలేకపోయాను.

పొడుగు కుర్రాడు మూడు వదిలేశాడు. నేను నవ్వడానికి నోరు తెరిచేసరికి, కంచె దగ్గర నించున్న బాబాయి నన్ను పిలిచాడు.

"అమ్మలూ, వాడికి ఎవరూ నేర్పలేదు, అంతే. నువ్వు చూపించు."

నాకు ఇష్టం లేదు. కావాలనే మెల్లగా నడిచాను. బంతి తగలగానే చేతుల్ని దాంతోపాటే గుండెల దగ్గరికి లాక్కోవాలని చూపించాను. ఆ తర్వాతి బంతి వాడి చేతుల్లో ఆగింది. ఇంకోసారి చూపించమన్నాడు. అది చూసి మిగతావాళ్ళూ ఒక్కొక్కరే చేతులు చాపుకుంటూ నా దగ్గరికి వచ్చారు. నేను టీమ్ మానలేదు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ఆఫీస్‌లో కొత్తవాళ్ళు తెలియక చేసిన పనికి నలుగురూ నవ్వుతుంటే, నేను కుర్చీ లాక్కుని వాళ్ళ పక్కన కూర్చుంటాను. ఎలా చేయాలో తర్వాత నేర్పుతాను. ముందుగా, ఇక్కడికి రాకముందు ఆ పని ఎలా చేసేవారో అడుగుతాను.